మూడో గాన్సీ

స్కార్‌విక్
6 ఆగస్టు 2024

ఒరేయ్ విల్ఫ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు, రాయడానికి చేతులాడలేదు. ఆదివారం థార్న్‌మత్‌లో జరిగింది టీవీలో చూసే ఉంటావు. అది నేను బుధవారాలు చర్చి ఆడవాళ్ళతో కలిసి అల్లిక నేర్పడానికి వెళ్ళే హోటలే. పడవల్లో సముద్రం దాటి వచ్చినవాళ్ళని ప్రభుత్వం అక్కడ ఉంచింది.

పడమట ఎక్కడో పసిపిల్లల్ని ఒకడు పొడిచి చంపాడు, వాడు పడవలో వచ్చినవాడని ఎవరో పుకారు లేపారు. ఆ తల్లుల కోసం ఏడవాల్సింది పోయి, నాలుగు వందల మంది వచ్చి ఈ హోటల్ మీద పడ్డారు. ఆ ఘోరానికీ ఈ హోటల్‌కీ సంబంధం ఏమిటో నాకు ఎవరైనా చెప్తే వింటాను. చెత్తడబ్బాలకి నిప్పు పెట్టారు, తోట గోడ పీకి ఇటుకలు విసిరారు. సెలామ్ అని ఎరిత్రియా అమ్మాయి గురించి నీకు రాశాను కదా, నాకన్నా నున్నగా మేజోళ్ళు అల్లుతుందని? ఒక ఇటుక వాళ్ళ గది కిటికీలోంచి లోపలికి వచ్చింది. కొడుకు యోనాస్‌కి నాలుగేళ్ళు. గాజు పెంకు కనురెప్ప చీల్చింది. ఏడు కుట్లు పడ్డాయి. నిన్న ఆసుపత్రికి వెళ్తే నన్ను చూసి తల్లి వెనక దాక్కున్నాడురా. నన్ను చూసి!

ఎవరి కన్నబిడ్డలో గాని, ఒక్కొక్కణ్ణీ పట్టుకుని లోపల వెయ్యాలి.

మీ క్రెయిగ్ ఆదివారం భోజనానికి రాలేదు. రాకపోవడమే నయం. కిందటి వారం బల్ల దగ్గర ఇద్దరం కీచులాడుకున్నాం. "ముప్పై నాలుగేళ్ళొచ్చినా నేను కారవాన్ బండిలోనే పడి ఉన్నానత్తా, వాళ్ళకేమో హోటలా?" అన్నాడు. "ఆ గదులెప్పుడైనా చూశావా? చూసొచ్చి మాట్లాడు" అన్నాను. పళ్ళెం తోసేసి వెళ్ళిపోయాడు. నువ్వు కన్నావు, ఆరేళ్ళవాడికి తల్లి పోతే తెచ్చి నేను పెంచాను. ఆ నోరు మాత్రం ఎవరిదో నాకు తెలీదు.

కొత్త ప్రభుత్వం ముసలాళ్ళకి చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోమని ఇచ్చే డబ్బులు కూడా తీసేస్తుందట. నీకేంలే, నా గాన్సీ ఉంది, అంత మందపాటి ఉన్ని చొక్కా. వేసుకుంటున్నావా? పెట్టెలో పడేసి పురుగులకి తినిపించావంటే ఊరుకోను. మీ బావ టెడ్‌ని సముద్రం తీసుకెళ్ళిన చలికాలం కూర్చుని అల్లింది అది.

నీ అక్క
మేవిస్


స్ట్రామ్‌నెస్, ఓర్క్నీ దీవులు
11 ఆగస్టు

అక్కా,

పేపరు ముక్కలు అందాయి. ఇక్కడ టీవీలోనూ చూశాను. నాకు మాట వినపడదు కాబట్టి మొహాలు చూస్తూ కూర్చున్నాను. నలభై ఏళ్ళు ఇంజన్ గదుల్లో చెవులు పోగొట్టుకున్నవాడికి మిగిలిన విద్య అదొక్కటే. ఆ గుంపులో సగం మంది నవ్వుతున్నారు. పిల్లవాడి మీద గాజు పడుతుంటే నవ్వేవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు. వాళ్ళలో నా కొడుకే ఉన్నా సరే, చెవి పట్టుకుని స్టేషన్‌కి నేనే ఈడ్చుకెళ్ళేవాణ్ణి.

క్రెయిగ్ నోటి గురించి నన్ను దెప్పకు. వాడు నాతో ఆడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కిందటిసారి వచ్చినప్పుడు రెండు గంటలు కూర్చున్నాం. పీతలు తగ్గిపోయాయని వాడు కాగితం మీద రాశాడు, అవునని నేను తల ఊపాను. అంతే. వాడికి తండ్రీ తల్లీ నువ్వే, నేను ఓడల మీద నుంచి పోస్టుకార్డులు పంపిన ఒక మనిషిని.

గాన్సీ సంగతి అడిగావు. ఇది రాస్తుంటే నా ఒంటి మీదే ఉంది. ఆగస్టు అయితే మాత్రం ఏమిటి, ఇక్కడి గాలి సంగతి నీకు తెలుసు. మెడ దగ్గర ఇంకా గుచ్చుకుంటుంది. పురుగులకి ఒక్క పోగు కూడా దక్కలేదు.

పిల్లవాడి కన్ను ఎలా ఉందో రాయి.

విల్ఫ్


స్కార్‌విక్
17 ఆగస్టు

విల్ఫ్,

నిలబడి చదువుతుంటే కూర్చో.

బుధవారం పేపర్లో "వీరిని గుర్తించగలరా" అని పోలీసులు పన్నెండు ఫొటోలు వేశారు. ఆరోదానిలో మనిషి ముక్కు దాకా గుడ్డ కట్టుకున్నాడు, తల మీద టోపీ. ఇటుక పట్టుకుని చెయ్యి పైకెత్తాడు. మొహం కనపడలేదు, ఛాతీ అంతా కనపడింది. గాన్సీ. నిచ్చెన మెట్లు, పక్కన వంకర గీత, మళ్ళీ నిచ్చెన. మన అమ్మ నమూనా.

అమ్మ పోయాక ఆ నమూనా అల్లే చేతులు ఈ తీరంలో నావి తప్ప లేవు. ఇక్కడ ఏ ఊరి నమూనా ఆ ఊరిది, ఏ ఇంటి వంకర ఆ ఇంటిది. సముద్రం మొహం తినేసిన మనిషిని కూడా గాన్సీ చూసి ఇంటికి చేర్చేవాళ్ళమని అమ్మ చెప్పేది గుర్తుందా? నేను మూడే అల్లాను. టెడ్‌ది టెడ్‌తోనే పోయింది. నీది నీ ఒంటి మీద ఉంది. మూడోది క్రెయిగ్ మొదటిసారి పీతల పడవెక్కిన రోజు వాడికిచ్చాను.

రెండు రోజులు పేపరు మడిచి టీ డబ్బా కింద పెట్టుకున్నాను. యోనాస్ కుట్లు గుర్తొచ్చాయి. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. చెవి పట్టుకుని ఈడ్చుకెళ్తానన్నావు. నువ్వు దూరాన ఉన్నావు, నేను దగ్గరున్నాను. నిన్న ఫోన్ చేశాను.

సాయంత్రం ఒక పోలీసమ్మాయి వచ్చింది, చాలా మర్యాదస్తురాలు. "అలాంటివి ఇంకెవరి దగ్గరా లేవని ఎలా చెప్పగలరమ్మా?" అని అడిగింది. నీ ఉత్తరం తీసి చూపించాను, ఒంటి మీదే ఉందని నువ్వు రాసిన చోట వేలు పెట్టి మరీ. ఉత్తరాన్ని ఫొటో తీసుకుంది. నేను చెప్పిందంతా రాసింది, సంతకం పెట్టాను.  

రాత్రి వాణ్ణి కారవాన్ నుంచి తీసుకెళ్ళారు. తప్పు చేశానంటావా? అనవని నాకు తెలుసు. అయినా తప్పు కాదని కాగితం మీద రాసి పంపు.

మేవిస్


స్ట్రామ్‌నెస్
23 ఆగస్టు

అక్కా,

ఉత్తరం చదివాను. నాలుగు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాను.

నువ్వు తప్పు చేశావని నేను అనను. అనే హక్కు నాకు లేదు. కానీ ఒక్క మాట. పేపర్లో ఫొటోలు మసగ్గా వస్తాయి. నువ్వు చూసింది అమ్మ నమూనాయేనని అంత కచ్చితంగా చెప్పగలవా? ఎవరైనా చూసి అల్లుకుని ఉండొచ్చు. ఈ రోజుల్లో పాత గాన్సీలు పట్నం కుర్రాళ్ళు వేసుకుని తిరుగుతున్నారట. పోలీసులకి ఈ మాట చెప్పి చూడు, అనుమానంగా ఉందని చెప్పు. చెప్పడంలో తప్పేముంది?

క్రెయిగ్ ఏమంటున్నాడు? వాడు ఆ రోజు ఎక్కడున్నాడట?

ఇంకా రాయాల్సింది ఉంది. టపా తీసుకెళ్ళే బోటు కదిలే వేళైంది, ఇది ఇందులో పడాలి.

విల్ఫ్


స్కార్‌విక్
30 ఆగస్టు

విల్ఫ్,

నా చేతి పని నాకు తెలియదంటావా? అరవై ఏళ్ళుగా అల్లుతున్నాను. నీ అనుమానం నీ దగ్గరే ఉంచుకో. నాకు కావలసింది నువ్వు నా పక్కన నిలబడటం. దానికి బదులు ఆ చివర కూర్చుని మసక ఫొటోలంటూ పాఠం చెప్తున్నావు. కొడుకు మీద ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందా? వాడికి ఎక్కాలు నేర్పినప్పుడు, తట్టు పోసినప్పుడు, తాగాడని పోలీసులు పట్టుకెళ్తే విడిపించినప్పుడు ఎక్కడుంది అది?

నీకు తెలియాల్సినవి చెప్తాను, విను. కారవాన్‌లో వాడి గాన్సీ దొరికింది. ఫొటో పక్కన పెట్టి చూశారు, మెట్టుకి మెట్టు సరిపోయింది. ఆ ఆదివారం వాడు హోటల్ దగ్గర ఉన్నాడని కెమెరాలో కూడా పడింది, గుంపు అంచున, మామూలు చొక్కాతో. అంటే మధ్యలో గాన్సీ తొడుక్కున్నాడని వాళ్ళ లెక్క. ఎందుకెళ్ళావని అడిగితే నా కోసమన్నాడట. నేను అక్కడ చిక్కుకున్నానేమోనని వెతకడానికి వెళ్ళాడట! ఆదివారాలు నేను ఎక్కడుంటానో వాడికి తెలియదా? బుధవారం తప్ప నేనక్కడికి వెళ్ళనని పోలీసమ్మాయితో చెప్పాను. అదీ రాసుకుంది.

మొదట కాదు కాదన్నాడట. మంగళవారం కోర్టులో నిలబడి ఒప్పుకున్నాడు. ఇక నీ మసక ఫొటో సంగతి ఏం చేస్తావు?

నేను వెనక బెంచీలో ఉన్నాను. వాడు ఒప్పుకుంటూ నా వైపే చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు పాల సీసా పగలగొట్టి నిలబడ్డవాడిలా చూశాడు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తొమ్మిదో తేదీన శిక్ష చెప్తారు.

మేవిస్


స్ట్రామ్‌నెస్
12 సెప్టెంబరు

అక్కా,

ఇరవై రెండు నెలలని టీవీలో కింద అక్షరాల్లో చదివాను. ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను. దీన్ని చించను.

నా గాన్సీ నా దగ్గర లేదు. రెండున్నరేళ్ళుగా లేదు.

నిరుడు కాక అంతకు ముందు జనవరిలో నీ దగ్గరికి వచ్చి తిరిగి వెళ్తుంటే, థార్న్‌మత్ స్టేషన్‌లో రైలు మూడు గంటలు ఆలస్యమైంది. తలుపు పక్కన అట్టముక్క మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ముందు పన్ను విరిగింది. పళ్ళు కొట్టుకోవడం నాకు వినపడలేదు, దవడ అదరడం కనపడింది. నాకు పైన మందపాటి కోటు ఉంది. గాన్సీ విప్పి ఇచ్చాను. పేరు రాయమంటే నా చేతి కాగితం మీద డెన్నీ అని రాశాడు. రైల్లో కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంటికి చేరిన వారానికి నీ ఉత్తరం వచ్చింది. గాన్సీ ఉంది కాబట్టి దారిలో చలి తగిలి ఉండదు కదా అని రాశావు. తగల్లేదని రాశాను. టెడ్ పోయిన దుఃఖంలో నువ్వు అల్లిన దాన్ని స్టేషన్‌లో ఎవడికో ఇచ్చేశానని ఎలా రాయను? మొదటి అబద్ధానికి గంట పట్టింది. తర్వాతవి సులువుగా వచ్చాయి. ప్రతి ఉత్తరంలోనూ నువ్వు అడిగేదానివి, నేను కాగితం మీద వేసుకునేవాణ్ణి.

నీ ఆగస్టు ఉత్తరం చదివిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. పక్కింట్లో ఫోన్ ఉంది, నా తరఫున మాట్లాడమంటే ఐదు నిమిషాల పని. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో కూడా చెప్తాను. నీ ముందు అబద్ధాలకోరుగా నిలబడాలంటే సిగ్గేసింది. దాని కింద ఇంకొకటి ఉంది. గాన్సీ ఎవరిదైతేనేం, వాడు చేసే ఉంటాడని నాకూ అనిపించింది. నా కొడుకు ఎలాంటివాడో నాకు తెలియదక్కా. తెలిసి ఉంటే ఆ రోజే పరుగెత్తేవాణ్ణి.

అంచు పైన నువ్వు అల్లిన పేరు అక్షరాలు ఉంటాయి కదా, మునిగిపోతే ఎవరింటికి చేర్చాలో తెలియడానికి. ఆ మనిషి దొరికితే అందులో నా అక్షరాలు ఉంటాయి.

విల్ఫ్


స్కార్‌విక్
16 సెప్టెంబరు

నీ ఉత్తరంలో "అక్కా" అని రెండు చోట్ల రాశావు. ఎలా రాయగలిగావు?

భూతద్దం పెట్టి ఆ ఫొటో మళ్ళీ చూశాను. ఎడమ భుజం కింద నిచ్చెనకి ఒక మెట్టు తక్కువ. ఆ చలికాలం కళ్ళు కనపడక తప్పిన మెట్టు. విప్పి మళ్ళీ అల్లే ఓపిక లేక వదిలేసింది. క్రెయిగ్ దానిలో ఒక్క మెట్టు తప్పలేదు. అప్పుడే అద్దం తీసి ఉంటే నాకే తెలిసేది. నమూనా చూశాను, కుట్లు చూడలేదు. పోలీసులూ చూడలేదు, వాళ్ళకి నా మాట చాలింది.

అంటే నీ అబద్ధం ఒక్కదాని వల్లే కాదు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

క్రెయిగ్ లాయరుతో మాట్లాడాను. నువ్వే స్వయంగా వచ్చి చెప్పాలట, ఉత్తరం చాలదట. వెంటనే బయల్దేరు. నా ఇంట్లో దిగకు.

మేవిస్


థార్న్‌మత్
4 అక్టోబరు

అక్కా,

వచ్చి రెండు వారాలైంది. రేవు దగ్గర ఒక గది తీసుకున్నాను. వాళ్ళు కాగితం మీద రాసిన ప్రశ్నలకి కాగితం మీదే జవాబులు రాశాను. మొత్తం పద్నాలుగు పేజీలు. లాయరు పై కోర్టుకి అప్పీలు పెట్టాడు, నెలలు పడుతుందట.

డెన్నీ మంగళవారం దొరికాడు. అదే స్టేషన్, అదే తలుపు, ఒంటి మీద అదే గాన్సీ. చలికి అది తప్ప ఇంకేమీ లేదట, అందుకే పారేయలేదు. మనిషిని గుర్తుపట్టాలని నన్ను తీసుకెళ్ళారు. వాడే నన్ను ముందు గుర్తుపట్టి తల ఊపాడు. తర్వాత నేను అక్కడికి ఎందుకు వచ్చానో వాడికి అర్థమైంది. ఎందుకు చేశావని పోలీసులు అడిగితే, రెండేళ్ళు ఆ స్టేషన్ దగ్గరే, హోటల్‌కి ఎదురుగానే పడుకున్నానని, తనకి ఎవరూ తలుపు తెరవలేదని చెప్పాడట. పసివాడి మీద ఇటుక వెయ్యడానికి అది కారణమా? కాదు. అయినా ఆ మాట నన్ను వదలడం లేదు. ఆ రోజు గాన్సీతో పాటు ఒక గది కూడా చూపించి ఉంటే ఏమయ్యేదో.

క్రెయిగ్‌ని చూడటానికి జైలుకి రెండుసార్లు వెళ్ళాను. రానన్నాడు. మూడోసారీ వెళ్తాను.

దేశంలో చివరి బొగ్గు కరెంటు కేంద్రం ఈ సోమవారం ఆపేశారు. పేపర్లో చూశావా? వేరే రోజులైతే దాని మీద నీకు నాలుగు పేజీలు రాసేవాణ్ణి.

విల్ఫ్


స్కార్‌విక్
15 డిసెంబరు

విల్ఫ్,

నువ్వు ఓర్క్నీ తిరిగి వెళ్ళాక నీకు రాయకూడదనే అనుకున్నాను. ఇది మాత్రం రాయాలి.

క్రెయిగ్‌ని మంగళవారం వదిలేశారు. కోర్టు కాగితంలో వాడు ఏ తప్పూ చెయ్యలేదని ఉంది. నాలుగు నెలలు పోయాయని మాత్రం లేదు. పడవలో వాడి చోటు ఇంకొకడికి ఇచ్చేశారు. గురువారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. నెత్తి మీద ఒక పక్క తెల్లబడింది.

మాంసం పెట్టిన రొట్టె చేశాను, సగం తిన్నాడు. నేను అడిగేశాను, "చెయ్యనిదాన్ని ఎందుకు ఒప్పుకున్నావురా?" అని.

"నీ సంతకం చూపించారత్తా," అన్నాడు. "ఇంక నేను కాదంటే నువ్వు అబద్ధం చెప్పావని కోర్టులో అన్నట్టే కదా. నువ్వు అక్కడే కూర్చున్నావు. ఎలా అనను?"

నేను ఏడ్చానురా. వాడు ఏడవలేదు. కుర్చీ జరుపుకుని నా ఏడుపు అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాడు ఆ ఆదివారం నిజంగా నా కోసమే వెళ్ళాడు. ఆ ముందు వారం దెబ్బలాటలో, సెలామ్ కొడుక్కి దుప్పటి ఆదివారం నేనే పట్టుకెళ్తానని, వాడు నన్ను కార్లో దింపక్కర్లేదని అరిచానట. నాకు గుర్తు లేదు. దుప్పటి పూర్తి కాక ఆగిపోయాను. వాడు టీవీలో మంటలు చూసి ఫోన్ చేశాడు, నేను చర్చిలో ఉన్నాను. వెళ్ళి గుంపులో నన్ను వెతికాడు. కోర్టు కన్నా ముందు వాడి మాట నేను నమ్మాల్సింది. నేనే నమ్మలేదు.

వచ్చే నెల పడమటి తీరంలో ఏదో పడవలో పని దొరికిందట, వెళ్ళిపోతున్నాడు. ఉత్తరాలు రాయమన్నాను. చూద్దామన్నాడు. నీ గురించి ఏమీ అనలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. మన వీధిలో ముందు తలుపు ఎవరు తడతారో నీకు తెలుసు. డాక్టరు, పోలీసు, శవపేటిక మోసేవాళ్ళు. ఇంటివాళ్ళు వెనక పెరట్లోంచి తలుపు తోసుకుని వచ్చేస్తారు. క్రెయిగ్ ఆరేళ్ళప్పటి నుంచి ఆ వెనక తలుపు కాలితో తన్ని తెరిచేవాడు, తిట్టి తిట్టి విసుగొచ్చేది నాకు. గురువారం ముందు తలుపు చప్పుడైంది. పోలీసులేమో అనుకున్నాను. తెరిస్తే వాడు. టోపీ చేతిలో పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. "లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

క్రిస్మస్‌కి వస్తానన్నావు. నిన్ను క్షమించానని అనుకోకు, ఇంకా లేదు. కానీ వస్తే వెనక తలుపులోంచే రా. నువ్వైనా.

మేవిస్